సిలబుల్స్ లెక్క చెవితో కట్టండి: ఇంగ్లీష్ అధ్యాపకులకు ఒక తెలుగు పండిట్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇంగ్లీష్ లెక్చరర్లకు, ఇంటర్ ప్రశ్నపత్రాలూ కీలూ తయారుచేసే పెద్దలకు, గైడ్లూ ఆల్ ఇన్ వన్‌లూ రాసేవారికి,

నమస్కారం.

నేను హైస్కూల్లో తెలుగు పండిట్‌ని. మీ సబ్జెక్టులో వేలు పెడుతున్నానని కోపగించుకోకండి. ఇంటర్ చదివే ఆడపిల్లకు తండ్రిని కూడా కాబట్టి కల్పించుకోక తప్పలేదు. ముందు కాలేజీకి వెళ్లి అడిగాను. తర్వాత ఆ కాలేజీవాళ్లు నమ్ముకున్న గైడ్ ప్రచురించినవారికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశాను. అందినట్టు కార్డు వచ్చింది, జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ పెడుతున్నాను.

ఇంటర్ ఇంగ్లీష్ పేపర్లో కొన్ని మాటలిచ్చి, ఒక్కోదాంట్లో ఎన్ని సిలబుల్స్ (ఒక్కో విడతలో పలికే ముక్కలు) ఉన్నాయో రాయమంటారు. తేలిగ్గా మార్కులొచ్చే ప్రశ్న అని పిల్లలందరూ దానిమీద ఆశ పెట్టుకుంటారు. ప్రీ-ఫైనల్ పరీక్షలో మా అమ్మాయి సైన్స్‌కి రెండు, చాక్లెట్‌కి రెండు, ఏరియాకి మూడు అని రాసింది. మూడింటికీ ఎర్ర సిరాతో ఇంటూలు పడ్డాయి. కీ ప్రకారం సైన్స్‌కి ఒకటి, చాక్లెట్‌కి మూడు, ఏరియాకి రెండట.

ఇంట్లో ఉన్న ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ తీశాం. ఫోన్లో కేంబ్రిడ్జి డిక్షనరీ వాళ్ల గొంతు కూడా విన్నాం. సైన్స్‌ని వాళ్లు 'సయన్స్' అని రెండు విడతలుగా పలుకుతారు. చాక్లెట్ స్పెల్లింగులో మధ్యన ఒక 'ఓ' ఉన్నా మామూలుగా దాన్ని ఎవరూ పలకరు, అందుకని రెండే. కొందరు నిదానంగా మూడుగా పలికితే అదీ తప్పుకాదు కానీ, రెండు రాసినవాళ్లకి సున్నా వెయ్యడానికి ఆధారం లేదు. ఏరియా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏ, రి, య. మూడు.

లెక్చరర్ గారు మంచి మనిషి, కసురుకోలేదు. ఇంకో డిక్షనరీ తెరిచి ఏరియా అనే మాట మధ్యలో ఉన్న చుక్కను చూపించారు. "ఒక చుక్క అంటే రెండు ముక్కలు కదండీ" అన్నారు. అది అమెరికా వాళ్ల మెరియమ్ వెబ్‌స్టర్ డిక్షనరీ. అందులో శీర్షికల మధ్య పెట్టే చుక్కలు అచ్చువేసేవాళ్ల కోసం పెట్టినవి. వాక్యం పంక్తి చివరికి వచ్చి మాటను విరవాల్సివస్తే ఎక్కడ హైఫన్ పెట్టి విరవచ్చో చెబుతాయి. ఒంటి అక్షరాన్ని పంక్తి చివరో, తర్వాతి పంక్తి మొదట్లోనో వదిలెయ్యడం బాగుండదని అలాంటిచోట చుక్కే పెట్టరు. అదే డిక్షనరీలో 'అబౌట్' అనే మాటకి ఒక్క చుక్క కూడా లేదు. మరి అబౌట్‌లో సిలబుల్ ఒకటేనా? ఈ మాటే అడిగాను. "కీ పైనుంచి వచ్చిందండీ, నా చేతిలో ఏం లేదు" అన్నారు. పైన ఎవరున్నారో ఆయనకీ తెలియదు.

అరమార్కు కోసం ఇంత రాద్ధాంతమా అనుకునేవారికి, ఈ పొరపాటు ఎక్కడ పుట్టిందో, ఎక్కడిదాకా పాకిందో వరసగా చెబుతాను.

1. గైడ్ల చిట్కా. "మాటలో ఏ, ఈ, ఐ, ఓ, యూ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. పక్కపక్కన రెండుంటే ఒకటిగా వెయ్యి. చివర 'ఈ' ఉంటే కొట్టెయ్యి." పిల్లలు దీన్ని ఎక్కంలా బట్టీపడతారు. నేమ్, టీచర్, ఎగ్జామినేషన్ లాంటి మాటలకి ఇది సరిపోతుంది, అదే చిక్కు. ఆ నమ్మకంతో సైన్స్ దగ్గరికొస్తే ఐ, ఈ పక్కపక్కనున్నాయని ఒకటిగా వేసి, చివరి 'ఈ' కొట్టేసి, ఒకటని రాస్తారు. క్రియేట్‌కీ ఇదే గతి. పలికితే రెండు, చిట్కాతో ఒకటి. రెసిపీలో చివరి 'ఈ'ని నిక్షేపంగా పలుకుతారు, మాట మూడు సిలబుల్స్, చిట్కా రెండంటుంది. రిథమ్ స్పెల్లింగులో ఆ అయిదు అక్షరాల్లో ఒక్కటీ లేదు. చిట్కాని నమ్మితే సున్నా రావాలి, చెవికి వినపడేవి రెండు. క్యూలో నిలబడడం అంటామే, ఆ క్యూ అనే మాటకి అయిదక్షరాల స్పెల్లింగు, ఒకే సిలబుల్. ఏరియాకి నాలుగే అక్షరాలు, మూడు సిలబుల్స్. స్ట్రెంగ్త్స్‌కి తొమ్మిది అక్షరాలు, సిలబుల్ మళ్లీ ఒకటే.

దీనికి కారణం మీకు నేను చెప్పాల్సిన పనిలేదు, పిల్లల తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లమెల్లగా గడ్డకట్టాయి. జనం నోరు మాత్రం ఆగలేదు, మారుతూనే వచ్చింది. భూతకాలంలో చివర వచ్చే 'ఈడీ'ని ఒకప్పుడు విడిగా పలికేవారు. ఇప్పుడు క్రియ 'ట' లేదా 'డ' ధ్వనితో ముగిస్తేనే అది విడి సిలబుల్. వాంటెడ్, నీడెడ్ రెండు. వాక్డ్ రాతలో ఎంత పొడుగున్నా 'వాక్ట్' అనే పలకాలి, ఒకటే. అందులోనూ మినహాయింపులున్నాయి. 'నేర్చుకున్నాడు' అనే అర్థంలో లర్న్డ్ ఒకటి. 'పండితుడైన' అనే అర్థంలో 'లర్నిడ్', రెండు. కాగితంమీద రెండూ ఒకలాగే ఉంటాయి. కంటితో ఎన్నిసార్లు లెక్కపెట్టినా తేడా తెలియదు.

2. రెండు జవాబులున్న మాటలు. ఫ్యామిలీ, ఎవ్రీ, డిఫరెంట్, ఇంట్రెస్టింగ్, కంఫర్టబుల్, టెంపరేచర్. వీటిని ఇంగ్లీషువాళ్లే తొందరలో ఒక సిలబుల్ మింగి పలుకుతారు, నిదానంగా అయితే విప్పి పలుకుతారు. కంఫర్టబుల్‌కి ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోనే మూడు సిలబుల్స్ రూపం, నాలుగు సిలబుల్స్ రూపం రెండూ ఉన్నాయి. ఫైర్ ఒకటో రెండో పండితులే తేల్చుకోలేదు. దీనికితోడు దేశభేదం ఒకటి. మెడిసిన్‌ని బ్రిటన్లో చాలామంది 'మెడ్సన్' అని రెండుగా పలుకుతారు, అమెరికాలో మూడు. అలుమినియం బ్రిటన్లో అయిదు. అమెరికావాళ్లు ఒక 'ఐ' తీసేసి నాలుగుతో సరిపెట్టుకున్నారు. డేనియల్ జోన్స్ 1917లో ఇంగ్లీష్ ఉచ్చారణ నిఘంటువు వేసిన నాటినుంచి, 1990లో జె.సి. వెల్స్ లాంగ్‌మన్ వారికి కూర్చిన నిఘంటువు దాకా, ఈ పని చేసినవాళ్లెవరూ ప్రతి మాటకీ ఒకే రూపం ఖాయం చెయ్యలేదు. రెండున్నచోట రెండూ ఇచ్చారు. వాళ్లకు లేని పట్టుదల మన కీలకి ఎందుకొచ్చిందో అర్థం కాదు.

పిల్లలకి ఏ దేశపు ఇంగ్లీషు అడుగుతున్నారో కూడా ప్రశ్నలో ఉండదు. క్లాసులో చెప్పే ఫొనెటిక్స్ గుర్తులు బ్రిటిష్‌వి. ఇంటికొచ్చి ఫోన్లో వినేది ఎక్కువగా అమెరికా గొంతు. ఇంటర్నెట్‌లో సిలబుల్స్ లెక్కపెట్టిపెట్టే సైట్లు బోలెడున్నాయి. చాలావరకు అవి కూడా స్పెల్లింగు చూసి ఊహించేవే. నమ్మదగ్గ చోటు ఒకటి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి ఉచ్చారణ నిఘంటువు. 1,30,000 మాటలకు పైగా ఉన్నాయి. ప్రతి అచ్చు ధ్వని పక్కనా స్ట్రెస్‌ని (ఎక్కడ ఎంత ఒత్తి పలకాలో దాన్ని) బట్టి 0, 1, 2 అనే అంకె వేస్తారు. అంకెలెన్నుంటే సిలబుల్స్ అన్ని. కానీ అది అచ్చంగా అమెరికా ఉచ్చారణ. దాన్ని చూసి రాసిన పిల్లకి బ్రిటిష్ కీతో మార్కులు కోస్తే తప్పెవరిది?

3. మన నోరు. బిజినెస్ అని మనం మూడుగా పలుకుతాం, డిక్షనరీలో 'బిజ్‌నెస్', రెండు. ఫిలిం మనకు రెండు, వాళ్లకు 'ఫిల్మ్', ఒకటి. స్కూల్ ఒకటి, స్కూలు రెండు, మా అమ్మ అనే ఇస్కూలు మూడు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి వచ్చినవాటికీ మనమొక అచ్చు తగిలిస్తాం. అయితే పరీక్షలో అడిగేది మన నోటి లెక్కా, డిక్షనరీ లెక్కా అన్నది ముందే చెప్పాలి కదా. నేను చూసిన ఒక గైడ్‌లో బిజినెస్‌కి మూడని ఉంది, అదే పేజీలో ఫిల్మ్‌కి ఒకటని ఉంది. మొదటిది మన లెక్క, రెండోది వాళ్ల లెక్క. ఎప్పుడు ఏది పట్టుకోవాలో పిల్లలు కలగనాలా?

4. స్ట్రెస్ మార్కులు. అసలు నష్టం ఇక్కడుంది. ఇంగ్లీషులో ఒత్తి పలకాల్సిన చోటుని చాలా మాటల్లో చివరనుంచి లెక్కపెట్టి పట్టుకుంటారు. 'షన్'తో ముగిసే మాటల్లో దానికి ముందున్న సిలబుల్ మీద, 'ఇటీ'తో ముగిసే యూనివర్సిటీ లాంటివాటిలో చివరినుంచి మూడోదాని మీద ఒత్తు పడుతుంది. ఫోటోగ్రాఫ్‌లో మొదటిదాని మీద, ఫొటోగ్రఫీలో రెండోదాని మీద, ఫొటోగ్రాఫిక్‌లో మూడోదాని మీద. సిలబుల్స్ లెక్క తప్పితే స్ట్రెస్ తప్పుతుంది, స్ట్రెస్ తప్పితే ఎదుటివాడికి మాట అందదు. మన ఊళ్ల నుంచి నర్సింగ్ చదివి విదేశాలకు వెళ్లాలని ఐఈఎల్‌టీఎస్ రాసే పిల్లలున్నారు. అందులో మాట్లాడే పరీక్షకి మార్కులు వేసే నాలుగు అంశాల్లో ఉచ్చారణ ఒకటి. ఇంటర్లో గైడ్ చిట్కాతో బట్టీపట్టినదాన్ని వదిలించుకోవడానికి వాళ్లు వేలకు వేలు పోసి మళ్లీ కోచింగ్‌కి వెళ్లాలి.

5. దిక్కులేనివాళ్లు. టౌన్లో పిల్లకి నాలాంటి చాదస్తపు తండ్రో, ట్యూషన్ మాస్టారో ఉంటారు. ఊళ్లో కూలికి వెళ్లొచ్చే తల్లిదండ్రుల పిల్లకి గైడే గురువు. అందులో తప్పుంటే అదే ఒప్పు. రీకౌంటింగ్‌కి డబ్బు కడితే, వేసిన మార్కుల్ని మళ్లీ కూడి చూస్తారు తప్ప కీనే తప్పయితే చేసేదేమీ లేదు. ఇంగ్లీష్ టీచర్ పోస్టుల పరీక్షల్లో అయితే ఇంకా దారుణం. ఒక్క మార్కు కింద ఉద్యోగం పోయినవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు, మా ఊళ్లోనూ ఉన్నారు. ఆ ఒక్క మార్కు కంఫర్టబుల్ లాంటి మాటకి సంబంధించినదైతే ఆ మనిషి ఎవరికి చెప్పుకోవాలి?

ఇక నా సొంత గొడవ ఒకటి. వద్దన్నా చెబుతాను, ఎందుకంటే పని జరిగేది దీనితోనే.

పదో తరగతికి వచ్చేసరికి మా పిల్లలు ఛందస్సు నేర్చుకుంటారు. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, చంపకమాలలో 21 అని గణవిభజన చేసి చూపిస్తారు. అక్కడ పొల్లుని (అచ్చు లేని హల్లుని) ఎవరూ విడిగా లెక్కపెట్టరు. అది ముందున్న అక్షరానికి అంటుకుని దాన్ని గురువుని చేస్తుంది, అంతే. ఈ ఒక్క అలవాటుతో ఇంగ్లీషు సిలబుల్స్ లెక్క దాదాపుగా తెగిపోతుంది. మాటని డిక్షనరీ గొంతు ఎలా పలికిందో అలా తెలుగు లిపిలో రాయాలి, స్పెల్లింగు చూడకూడదు, సైన్‌బోర్డు మీద ఉన్నట్టూ రాయకూడదు. రాశాక పొల్లులు వదిలేసి మిగిలినవి లెక్కపెట్టాలి.

మా క్లాసులో చేసి చూశాను. బోర్డు మీద 'వాక్ట్' రాశాను. క్, ట్ పొల్లులు, మిగిలింది 'వా', ఒకటి. 'వాంటిడ్' రాస్తే వాం, టి, రెండు. 'సయన్స్'లో స, య, రెండు. 'చాక్లట్'లో చా, క్ల, రెండు. 'స్ట్రెంగ్త్స్' రాయడానికే తంటాలు పడ్డారు కానీ లెక్క మాత్రం ఠక్కున చెప్పారు. 'లిటిల్' నాకు అన్నిటికంటే నచ్చింది. డిక్షనరీలో దాని ఉచ్చారణ గుర్తులు చూస్తే అచ్చు ధ్వని ఒకటే కనిపిస్తుంది, రెండో సిలబుల్‌ని 'ల్' అనే హల్లే మోస్తుంది. అందుకని అచ్చులు లెక్కపెట్టినవాళ్లు ఒకటని రాస్తారు. తెలుగులో ఆ 'ల్' ముందు మనకు తెలియకుండానే ఒక అచ్చు వచ్చి కూర్చుంటుంది కాబట్టి లి, టి అని రెండూ దొరుకుతాయి. 'రిథమ్'లోనూ రి, థ, రెండు. వెనక బెంచీ కుర్రాడు లేచి "మరి బస్సు ఎన్ని సార్?" అన్నాడు. బస్సు అయితే రెండు, అది మనది. బస్ అయితే ఒకటి, అది వాళ్లది అన్నాను. మళ్లీ అడగలేదు.

ఇది తిరుగులేని సూత్రమని నేననను. నియర్, హియర్, ఫయర్ (ఫైర్) లాంటి మాటల దగ్గర తెలుగు రాత రెండు చూపిస్తుంది, బ్రిటిష్ లెక్క ఒకటనవచ్చు. వాటిలో ఫైర్ లాంటివి ఎలాగూ డిక్షనరీలకే తగాదా ఉన్న మాటలు. మిగిలిన చోట గైడ్ చిట్కా కంటే ఇది ఎంతో నయం, పైగా పిల్లలకు ముందే వచ్చిన విద్య. ఇంగ్లీష్ క్లాసులో తెలుగు లిపి రాస్తే ఫైన్ వేసే కాలేజీలున్నాయని విన్నాను. ఆ ఫైన్ ఎత్తెయ్యమని ఎవరైనా యాజమాన్యాలకి చెబితే బాగుండు.

మీ ముందు పెడుతున్న కోరికలు ఇవి.

1. సిలబుల్స్ ప్రశ్న అడిగిన ప్రతి పేపర్ మీదా ఏ నిఘంటువు ప్రకారం, ఏ దేశపు ఉచ్చారణ ప్రకారం దిద్దుతారో ఒక వాక్యం అచ్చువెయ్యండి. సిలబస్ కాపీలో కూడా అదే వాక్యం ఉండాలి.

2. రెండు రూపాలున్న మాటల్ని అడగకండి. యూనివర్సిటీ, ఎడ్యుకేషన్, ఇంజినీర్ లాంటివి కావలసినన్ని ఉన్నాయి, వాటితో తగాదా రాదు. పొరపాటున అలాంటి మాట వచ్చిందా, స్పాట్ వాల్యుయేషన్ మొదలయ్యేలోపు రెండు జవాబులకీ మార్కు వెయ్యమని క్యాంపులకు రాతపూర్వకంగా చెప్పండి.

3. కీ బయటికి వెళ్లేముందు ఉచ్చారణ తెలిసినవాళ్లతో చూపించండి. ఇంగ్లీషు బోధన కోసమే 1958లో మొదలైన సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది, ఇవాళ ఇఫ్లూ అని పిలుచుకుంటున్నాం. మన గడప దగ్గరే ఉన్నవాళ్లని అడగడానికి మొహమాటమెందుకు? అడిగే మాటలు ఏడాదికి ఒక పేజీ దాటవు.

4. గైడ్లు రాసేవారు చిట్కాని వచ్చే ఎడిషన్లో తీసెయ్యండి. అప్పటిదాకా అమ్మే కాపీల్లో తప్పొప్పుల పట్టిక ఒక కాగితం మీద వేసి అతికించండి. పట్టిక తయారుచెయ్యడానికి మనిషి కావాలంటే నేను పైసా తీసుకోకుండా కూర్చుంటాను.

5. ఫొనెటిక్స్ క్లాసులో ఫోన్ వాడనివ్వండి. లెక్చరర్ గారి ఫోన్ ఒక్కటి చాలు. డిక్షనరీల్లో బ్రిటిష్ గొంతు, అమెరికా గొంతు రెండూ ఉచితంగా వినిపిస్తాయి. విననిదాన్ని లెక్కపెట్టమంటే పిల్లలు స్పెల్లింగు కాక ఇంకేం లెక్కపెడతారు?

6. ఈ ఏడాది ప్రీ-ఫైనల్స్‌లో సైన్స్, చాక్లెట్, ఏరియా మాటలకి మార్కులు పోయిన పిల్లల పేపర్లన్నీ మళ్లీ దిద్దించండి. మా అమ్మాయి పేపర్ ఒక్కటే దిద్దిస్తామన్నారు, మేం వద్దన్నాం. సెక్షన్ మొత్తానికి దిద్దించి, పబ్లిక్ పరీక్షలకు ముందే సరైన జవాబులు నోటీసు బోర్డులో పెట్టండి.

జవాబు రాతపూర్వకంగా ఇస్తే సంతోషిస్తాను. నేను చెప్పినవాటిలో ఏ మాటకైనా మీ దగ్గర వేరే ప్రామాణిక నిఘంటువు ఆధారం ఉంటే పేజీ నంబరుతో సహా పంపండి, మా పిల్లలకు అదే చెబుతాను.

ఇట్లు,
గుంటూరు జిల్లా నుంచి,
ఒక తెలుగు పండిట్, ఇంటర్ విద్యార్థిని తండ్రి